చచ్చినవాళ్ళ సొరుగు

నేను ఒక సొరుగుని. కానీ నా ఉద్యోగం శ్మశానానిది.

పారిస్‌లో ఒక ముసలి వడ్రంగి నన్ను అక్రోటు చెక్కతో చేసి, రాతబల్లకి కుడివైపు బిగించాడు. మొదటి పదేళ్ళు ఒక లాయరు దగ్గర వీలునామాలు మోశాను. ఆయన పోయాక బల్లని ఆ ఇంట్లో అందరూ వద్దన్నారు. ఆయన గుమాస్తా ఎతియెన్ వాల్‌కూర్ దాన్ని తన అద్దెగదికి మోయించుకుపోయాడు. గుమాస్తా పని మానేసి నవలలు మొదలుపెట్టాడు.

రోజుకో భాగం. ఇవాళ రాసింది రేపు పత్రికలో. ఒక్కో నవలలో వందమంది పాత్రలు. ఎవరు బతికున్నారో గుర్తుండక ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రతి పాత్ర పేరూ ఒక అట్టముక్క మీద రాసి బల్ల మీద నిలబెట్టేవాడు. పాత్ర చస్తే అట్ట నాలోకి. బయట ఒకరి గొంతు ఒకరు కోసుకున్నవాళ్ళు నాలో పక్కపక్కనే బుద్ధిగా పడుకునేవాళ్ళు.

ఒక నవంబరులో వారం రోజులు ఆగకుండా వాన. చెక్క ఉబ్బి నేను బిగుసుకుపోయాను. సరిగ్గా ఆ రోజే ఆయన తన కథలో కెప్టెన్ రోబాక్‌ని వంతెన మీంచి సేన్ నదిలోకి తోయించాడు. అట్ట పట్టుకుని నన్ను లాగాడు, తిట్టాడు, తన్నాడు. నేను రాలేదు. రేపు చూద్దాంలే అని అట్టని బల్ల మీదే వదిలేశాడు.

మూడు వారాల తర్వాత కెప్టెన్ రోబాక్ కథలో హాయిగా కాఫీ తాగుతూ కనిపించాడు.

అది అచ్చయిన రోజే సంపాదకుడు గిబూర్ పత్రిక ఊపుకుంటూ వచ్చిపడ్డాడు.

“చచ్చినవాడు కాఫీ ఎలా తాగాడయ్యా? ఊరంతా నవ్వుతోంది! నాలుగింటిలోపు దీనికో దారి చూపించు. లేదంటే రేపటి నుంచి నీ చోటు ఇంకొకడిది.”

వాల్‌కూర్ ముఖం పాలిపోయింది. కలం తీశాడు, పెట్టేశాడు. పొయ్యిలో బొగ్గులు వేస్తున్న పనిమనిషి జేలీ తల తిప్పింది.

“అయ్యగారూ, ఒక్క మాట.”

“ఇప్పుడా, జేలీ?”

“కెప్టెన్ని నదిలో తోశారని రాశారు గానీ, శవం దొరికిందని ఎక్కడా లేదు. నేను ఏడుస్తూ రెండుసార్లు వెతికాను.”

గిబూర్ చేతిలోని పత్రిక కిందికి దిగింది. “ఈవిణ్ణి నా ఆఫీసుకి పంపెయ్యవయ్యా!”

“నేనొస్తే ఈయనకి సూపు ఎవరు కాస్తారు?” అంది జేలీ.

నాలుగింటికి పది నిమిషాల ముందు కాగితం మీద కెప్టెన్, నదిలో పడ్డ రోజునే, ఒక జాలరి వలలో పడి, దగ్గి, కళ్ళు తెరిచాడు. మర్నాడు పత్రిక కోసం జనం తోసుకున్నారు. ఆ ఆలోచన ముందునుంచే ఉందని వాల్‌కూర్ చెప్పుకుని తిరిగాడు. జేలీ నవ్వుకుంటూ సూపు కాచింది.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు, నలభై నవలలు. ఆయన మళ్ళీ ఎవరి శవాన్నీ చూపించలేదు. నాలోకి వచ్చినవాళ్ళలో సగంమంది లేచి వెళ్ళిపోయేవాళ్ళు. కెప్టెన్ అట్ట మాత్రం బల్ల దిగనే లేదు.

ఒక ఆగస్టులో వాల్‌కూర్ పోయాడు. జేలీ ఆయన పేరు ఒక అట్ట మీద రాసి, నా పిడి పట్టుకుని లాగింది. నెల రోజులుగా చినుకు లేదు. చెక్క ఎండి వదులైపోయి ఉంది.

అయినా నేను తెరుచుకోలేదు.

“మొండిదానా,” అంది జేలీ. కళ్ళు తుడుచుకుని, ఆ అట్టని కెప్టెన్ పక్కనే నిలబెట్టింది.

ఇప్పుడా గది మ్యూజియం. ఆ ఇద్దరూ ఇంకా బల్ల మీదే నిలబడి ఉన్నారు.