డీజిలా, పెట్రోలా

కామరాజు మా చెల్లెలు తాయారు మొగుడు. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. అతనికున్న పిచ్చి ఒక్కటే, ప్లిమత్ కారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ షిప్పింగ్ ఏజెంటు అందులోంచి పోర్టు గేటు దగ్గర దిగేవాడట. ఆయన మొహం గుర్తులేదు గానీ ఆ ఇంజను చప్పుడు మాత్రం ఇంకా చెవిలోనే ఉందంటాడు.

ఆ కారే ఈ శ్రావణంలో అమ్మకానికొచ్చింది. ఏజెంటు వారసులు వదిలించుకుంటే ఆటోనగర్ మెకానిక్కు మోహనకృష్ణ కొని తన షెడ్డులో పెట్టాడు. ఏ ఇంజను కావాలంటే ఆ ఇంజనుతో ఇస్తానన్నాడు. కంపెనీ నుంచి దానితో వచ్చిన పెట్రోలు ఇంజను తుప్పు పట్టి బిగిసిపోయింది. దానికి సామాన్లు అమెరికా నుంచి రావాలి, ఉగాదికి గానీ బండి రోడ్డెక్కదు. కాదంటే పాత జీపు డీజిల్ ఇంజనొకటి సిద్ధంగా ఉంది, పది రోజుల్లో బిగించేస్తాడు.

డీజిలంటే నాకూ కామరాజు బావకూ ఒళ్లుమంట. పెళ్లిళ్లకి అద్దెకు తిప్పే పాత కార్లలో ఆ చప్పుడు వినబడితే చాలు, నీళ్ల మోటారొస్తోందని నవ్వుకునేవాళ్లం. అందులో నాది మరీ నోటి దురుసు. ఓ పెళ్లిలో కారు ఓనరుతో చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లాను.

కానీ బావకి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. దీపావళి దాటడం కష్టమని డాక్టరు నన్నూ తాయారునీ బయటికి పిలిచి చెప్పాడు. బావతో మాత్రం నిమ్ము చేరిందన్నాం. మావైపు ఇలాంటి కబురు మనిషి మొహాన చెప్పరు, చెబితే ఆ బెంగతోనే పోతాడని భయం. ఆ నిమ్ము మాట రోజూ చెప్పి చెప్పి నామీద నాకే అసహ్యం పుట్టింది.

షెడ్డులో బావ దగ్గుకుంటూనే కారు చుట్టూ తిరిగాడు. డోరు తీశాడు, వేశాడు. పెట్రోలు ఇంజనుకే ఖాయం చేసుకున్నాడు. ఉగాదికి తాయారుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని భీమిలి దాకా పోతానన్నాడు.

డీజిలే మేలన్నాను. మైలేజీ అన్నాను, స్పేర్లు అన్నాను, పెట్రోలు రేటు అన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. నేను ఆటపట్టిస్తున్నాననుకుని బావ నవ్వాడు. అప్పుడు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న తాయారు నోరు విప్పింది.

"అన్నయ్య సెప్పినట్టు డీజిలే ఏయించండి. తొరగా వచ్చేత్తాది."

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ తాయారు ఏ మిషను గురించీ ఒక్క మాట అన్న మనిషి కాదు. బావ నవ్వు ఆగిపోయింది. తాయారు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నేను టైరు చూస్తున్నట్టు వంగాను.

"ఉగాదికి నానుండనేటి బావా?" అని నన్నడిగాడు.

నిమ్మేగా, తగ్గిపోతుంది అనాలి. ఇన్నాళ్లూ గడగడా చెప్పిన మాట ఆ ఒక్క క్షణం రాలేదు. తాయారు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు వాళ్లిద్దరి మీదా కోపమొచ్చింది, ఆ డాక్టరు మీద వచ్చింది, షెడ్డులో పడున్న ఆ కారు మీద కూడా వచ్చింది.

బావ చాలాసేపు దగ్గాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, వారంలో అవుతుందా అని మోహనకృష్ణని అడిగాడు.

అతనికి ఇవేవీ తెలియవు. మంచి బేరగాడు పాడైపోతున్నాడన్నట్టు జాలిగా చూశాడు.

"డీజిలెందుకు సార్, ఒరిజినల్ ఇంజను ఉండగా. ఉగాది దాకా ఆగితే ఏటి పోద్ది?"

"డీజిలే ఎయ్యి బాబూ," అన్నాడు బావ. "వారంలో ఇచ్చెయ్యి."