మేనత్త ఎక్కించిన చెక్కలు

గిటార్ల ఫ్యాక్టరీని మిక్సీలు చేసే పెద్ద కంపెనీ కొనేసిందని తెలిసినప్పటి నుంచి అటక బాబాయ్‌కి అన్నం సయించడం లేదు.

ఫ్యాక్టరీ పై అంతస్తులో చెక్క ఆరబెట్టే అటక ఉంది. దానికి కాపలాదారు, పనివాడు, రాజు, అన్నీ ఆయనే. గిటార్ మొహానికి వేసే పల్చటి పలకలు అక్కడ దొంతర్లుగా ఉంటాయి. గాలాడాలని పలకకీ పలకకీ మధ్య సన్నటి పుల్లలు పెడతారు. ఏడాదికి రెండుసార్లు తిరగేస్తారు. అలా ముప్ఫై ఏళ్ళు. నేను పొరబడి చెప్పడం లేదు, ముప్ఫయ్యే. ఎక్కించిన చెయ్యి దించదు, అదీ అక్కడి ఆనవాయితీ. బాబాయ్ పనిలో చేరిన ఏడు, అంతకుముందు అటక చూసుకున్న ఆయన మేనత్త నూట పన్నెండు పలకలు ఎక్కించి, "వీటి సంగతి ఇక నువ్వు చూసుకోరా" అని ఇంటికెళ్ళిపోయింది. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ పలకలు దించాల్సింది ఈ ఏడే.

ఊళ్ళో వాయించేవాళ్ళ గోల వేరే. "కంపెనీ చేతులు మారింది, గిటార్లో పస పోయింది" అంటూ ఒకాయన తన గిటార్ తెచ్చి మరమ్మతు బల్ల మీద పడేశాడు. బాబాయ్ గిటార్ లోపలికి తొంగిచూసి తేదీ చదివాడు. ఫ్యాక్టరీ అమ్మకానికి రెండు నెలల ముందుది. "బాబూ, ఇది పాత యజమాని చేయించిందే. మారింది గిటార్ కాదు, నీ చెవులేమో చూసుకో" అన్నాడు.

అందరూ నవ్వారు కానీ బాబాయ్ నవ్వలేదు. ఇవాళ మోగేదంతా ముప్ఫై ఏళ్ళ కిందటి చెక్క. కొన్నవాడు మంచోడో కాదో ఇప్పుడు వినపడదు. వాడు కొత్త పలకలు ఎక్కిస్తాడా లేదా అన్నదే ముప్ఫై ఏళ్ళ తర్వాత వినపడుతుంది. ఈ నెల ఎన్ని తయారయ్యాయని అడిగేవాళ్ళు, తాము వినబోని చెక్కని ఎందుకు ఎక్కిస్తారు? ఉన్నదంతా దింపేసి ఊడ్చుకుపోతారని ఆయన భయం.

భయం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. ఓ ఆదివారం పూట అటకెక్కాడు. మంచి పలకకి సుద్దతో సున్నా, పనికిరానిదానికి ఇంటూ పెట్టడం అక్కడి అలవాటు. మేనత్త దొంతరంతా ఇంటూలు కొట్టేశాడు! పనికిరావని వదిలేస్తే, వీళ్ళ హడావుడి తగ్గాక చూసుకోవచ్చట. ఆహా, ఏం తెలివండీ!

మర్నాడు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, చుక్కలు వేయించుకుని, అంతా మసగ్గా కనిపిస్తుంటే మధ్యాహ్నానికి పనిలోకొచ్చాడు. మసకలో కూడా ఒకటి స్పష్టంగా కనిపించింది. అటక మూల ఖాళీ. పుల్లలు మాత్రం మిగిలాయి.

"కొత్త మేనేజరమ్మ పైకొచ్చింది బాబాయ్" అంది జిగురు గదిలో పనిచేసే ఆవిడ. "ఇంటూలున్నవి ఇక్కడెందుకు, బాయిలర్‌కి పంపించండి అంది."

మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలీదు. బాయిలర్ తలుపు తెరిచి ఉంది. బాయిలర్ మనిషి చేతిలో పలక ఉంది. "ఆపరా! నీకు దండం పెడతా, ఆపు!" అంటూ బాబాయ్ వెళ్ళి దొంతర మీద పడ్డాడు. "ఎన్ని వేశావ్?"

"పదకొండు."

బాబాయ్ అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

గొడవకి మేనేజరమ్మ వచ్చింది. మొన్నటిదాకా మిక్సీల విభాగం చూసిన మనిషి. "పనికిరావని రాసింది మీరే కదా?" అంది.

అబద్ధమాడదామనుకున్నాడు, చాతకాలేదు. "రాశానమ్మా. మీ చేతిలో పడితే నాశనమైపోతాయని దాచాను. చివరికి నాశనం చేసింది నేనే."

ఆమె మొహం ఎర్రబడింది. "నన్నొక్క మాట అడగొచ్చుగా? మీ సుద్దని నమ్మే కాల్చమన్నాను. ఇప్పుడు మీ మాట ఎలా నమ్మాలి?"

బాబాయ్ లేచాడు. ఒక పలకని పైఅంచు దగ్గర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని, వేలి కణుపుతో మధ్యలో ఒక్కటి కొట్టాడు.

మోగింది. బాయిలర్ హోరులోంచి కూడా తేలుతూ వచ్చింది. బాయిలర్ మనిషి, ఎవరూ చెప్పకుండానే, తలుపు మూసేశాడు. బాబాయ్ మళ్ళీ కొట్టాడు. ఆగిపోతుందనుకుంటే ఆగదే! గుండ్రంగా, లోతుగా, గదంతా నిండింది. ఇన్నేళ్ళూ వీటిని తిరగేశాడే తప్ప, దించే రోజు రాకుండా కొట్టి వినకూడదని ఆయన ఎప్పుడూ కొట్టలేదు. జిగురు గదిలోవాళ్ళు అంటుకున్న చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

మేనేజరమ్మ పలక అందుకుని కొట్టింది. టక్కుమంది, అంతే.

"గట్టిగా పట్టుకోకండమ్మా. వదులుగా."

ఈసారి మోగింది. ఆ అదురు ఆమె మణికట్టు దాటి మోచేతి దాకా పాకింది. "అమ్మ బాబోయ్" అంది. మేనేజర్లు అనే మాట కాదది. "పద్దెనిమిదేళ్ళుగా మిక్సీల చప్పుడు తగ్గించడమే నా ఉద్యోగం. ఇలాంటిది వినలేదు. ఎవరు పెట్టారు వీటిని?"

"మా మేనత్త."

"ఆవిడ విన్నారా దీన్ని?"

"లేదమ్మా. ఎక్కించేటప్పుడు పచ్చిగా ఉంటాయి, కొడితే అట్టపెట్టెలా ఉంటుంది. వినకుండానే పోయింది."

మేనేజరమ్మ పలకని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"మిగిలిన నూట ఒకటీ గిటార్లకి పంపండి" అంది చివరికి. "ఆ మూలకి పచ్చి పలకలు తెప్పిస్తాను. నూట ఇరవై మూడు. కాలిన పదకొండూ కలిపి."

"హెడ్డాఫీసు ఒప్పుకుంటుందా అమ్మా?"

"ఈ పలక పట్టుకుని నేనే వెళ్తాను. అందరూ కూర్చున్న బల్ల దగ్గర కొడతాను. చూద్దాం ఎవరు కాదంటారో. మీరు చేసింది మాత్రం తప్పే. ఆ నూట ఇరవై మూడూ మీరే ఎక్కించాలి."

"వాటిని దించేనాటికి నేనుండనమ్మా" అన్నాడు బాబాయ్.

"నేను మాత్రం ఉంటానా ఏంటి?" అని ఆమె పలకని చెవి దగ్గరికి పెట్టుకుని ఇంకోసారి కొట్టింది.

బాబాయ్ ఆ మనిషి వంక అలాగే చూస్తుండిపోయాడు. తాము వినబోని చెక్క గురించి అంత తేలిగ్గా మాట్లాడినవాళ్ళని మేనత్త తర్వాత ఆయన చూడలేదు.