మూతి విప్పిన బస్తా

పల్లీ చట్నీ దగ్గర మొదలైంది గొడవ.

దుకాణానికీ వంటింటికీ నడుమ ఉన్న అర్రలో మూడు పిన్నుల ప్లగ్గు ఒక్కటే ఉంది. వంటింట్లోది బతుకమ్మ పండుగప్పుడే మాడిపోయింది. దాన్ని బాగుచేయాల్సిన ఎలక్ట్రీషియన్ తెలంగాణ కోసం సమ్మె శిబిరంలో కూచున్నాడు. భూపాలపల్లి వైపు బొగ్గుబాయిలు సమ్మెలోకి దిగినప్పటి నుంచి జనగామకు కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతోంది. వచ్చిన కాసేపట్లో నీళ్ళు ఎక్కించాలి, పిండి రుబ్బాలి, ఫోన్లు నింపుకోవాలి. కోడలు రచనకైతే కంప్యూటర్ ముందు కూచోవాలి.

ఆమె కూచునే ఉంది. అత్త వనమాల మిక్సీ గిన్నె చంకన పెట్టుకొని వచ్చి, ప్లగ్గు పీకింది. కంప్యూటర్ కింద ఉన్న బ్యాటరీ పెట్టె కుయ్యిమంది.

"అత్తమ్మా! జర ఆగరాదుండ్రి!"

"ఆగితె కరెంటు ఆగుతదా? ఇయ్యాల వంటావార్పు మన వర్తకులది. నూరుమంది రోడ్డు మీద కూసుంటరు. చట్నీ లేకుంట పులిహోర మింగుమంటవా?"

"పులిహోరల చట్నీ ఎవలన్న తింటరా?"

"జనగామల తింటరు. మీ మానుకోటల తినకుంటె నేనేం చెయ్యాలె? అయినా బ్యాటరీ ఉన్నది గద నీ డబ్బాకు."

బ్యాటరీ ముసలిదైంది. మిక్సీ రెండు తిప్పులు తిరిగేలోపే దాని కూత ఆగిపోయింది, తెర నల్లబడింది. చట్నీ అయ్యాక ప్లగ్గు మళ్ళీ పెట్టి చూస్తే నీలం తెర మీద తెల్లక్షరాలు బారులు తీరాయి. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. వనమాల మిక్సీ మూత తుడుస్తూ నిలబడింది. తప్పు తనదేమోనని ఆమెకూ అనిపించింది గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు.

రచన గోడ గడియారం చూసింది. పెళ్ళితో పోయిన ఉద్యోగం ఈ మధ్యనే మళ్ళీ దొరికింది. హైదరాబాదులో చిన్న ఆఫీసు. దవాఖానల్లో రోగులకు చీటీలిచ్చే ప్రోగ్రాం రాస్తారు. బస్సులు లేవు కాబట్టి ఇంటి నుంచి పని చేయమన్నారు. తన వంతు ఈ మధ్యాహ్నంలోగా పంపాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. రాసిందంతా ఆ నీలం తెర వెనక చిక్కుకుంది. దుకాణం బిల్లులూ అందులోనే ఉన్నాయి.

గొడవ విని దుకాణంలోంచి మామ జగపతి లోపలికి వచ్చాడు. హన్మకొండలో ఉన్న కంప్యూటర్ మనిషికి ఫోన్ చేశాడు. ఆయనే ఒక కాపీ సీడీతో సిస్టం ఎక్కించాడు, బిల్లుల ప్రోగ్రాం కూడా ఆయనే పెట్టి దానికి తాళం వేసి పోయాడు. అందులో పప్పు ధర మార్చాలన్నా ఆయనే రావాలి.

"మొత్తం తుడిచి మల్ల ఎక్కియ్యాలె సేటూ," అన్నాడు ఫోన్లో. "బస్సులు నడిచినంక వస్త. అందాక ఎవల్నీ ముట్టనియ్యకు."

జగపతి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నవ్ గద బిడ్డా. డబ్బా ముట్టకు. ఈ నౌకరి గూడ బందు పెట్టు. దుకాణం మునిగినంక నౌకరి ఏం చేసుకుంటం?"

రచన అర్రలో అటూ ఇటూ తిరిగింది. కిటికీ తీసింది, మూసింది. చివరికి బీరువా తెరిచి, చీరల కింద నుంచి ఒక సీడీ తీసింది. ఎంసీఏలో తన గదిలో ఉన్న తుల్సీబాయి రాసిచ్చిన, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే సిస్టం సీడీ అది. హాస్టల్లో ఎవరూ ముట్టని పాత మిషన్‌ను ఆ సీడీతోనే నడిపించి చదువు ముగించిన మనిషి తుల్సీబాయి. ఇప్పుడు గూడూరు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతోంది. ఆఫీసులోనూ అందరూ వాడేది అదే. దుకాణం మిషన్ కదా అని రచన ఇన్నాళ్ళూ దాన్ని బయటికి తీయలేదు.

"మామయ్యా, ఇది పెడితె లోపలున్నదాన్ని ముట్టకుంటనే మిషన్ నడుస్తది. సీడీ తీసేస్తె ఎప్పటిలెక్కనే."

"ఎంతకు కొన్నవ్?"

"కొనలేదు. ఉత్తగనే ఇస్తరు."

జగపతి నవ్వాడు. "ఉత్తగ ఇచ్చే సరుకు నేనెన్నడు దుకాణంల పెట్టలే."

రచనకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మాట దొరికింది. "మరి మూతి కుట్టిన బస్తా కొంటరా మీరు?"

జగపతి నవ్వు ఆగింది. కందులు కొనేటప్పుడు ఆయన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగు నుంచి గుప్పెడు తీసి, నోట్లో వేసుకొని కొరికి చూస్తాడని మార్కెట్ యార్డులో అందరికీ తెలుసు. అడుగు చూడని సరుకు అడుక్కతినిపిస్తదన్నది ఆయన కొడుక్కి రోజూ చెప్పే మాట.

"ఇప్పుడు దీంట్ల ఉన్నది కుట్టిన బస్తా. లోపల ఏమున్నదో చేసినోళ్ళు చూడనియ్యరు. ఆగిపోతె ఎందుకాగిందో నాకు తెల్వది, హన్మకొండాయనకు తెల్వది. గందుకే తుడిచేస్తనంటున్నడు. గిది మూతి విప్పిన బస్తా. ఎవలైనా చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. పుచ్చు కనవడితె ఏరేసి అందరికి చెప్తరు. నాకు పనికొచ్చేతట్టు మార్చుకోవచ్చు. మా పని చేసేటోళ్ళు ఇదే కావాలనేది గందుకే, ఉత్తగ వస్తదని కాదు."

జగపతి ఆమె చేతిలోని సీడీ తీసుకొని వెలుగుకు పట్టి చూశాడు. "మూతి విప్పిన బస్తాల రాళ్ళు కలిపేటోడు గూడ ఉంటడు."

"ఉంటడు. కానీ పదిమంది చూస్తుండంగ కలపాలె."

"పెట్టనియ్యుండ్రి," అంది వనమాల గుమ్మంలోంచి. "సచ్చిన డబ్బానే గద, ఇంకేం సస్తది?"

సీడీ గరగరమంటూ తిరిగింది. తెర వెలగడానికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ రచన గోళ్ళు కొరుకుతూనే ఉంది. చివరికి తెర తేటగా తెరుచుకుంది. లోపలి డిస్కు తెరిచి చూస్తే దుకాణం బిల్లులున్నాయి, తన ప్రోగ్రామూ ఉంది. ముందు బిల్లులను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మామ చేతిలో పెట్టింది. జగపతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు.

కావలసిన పనిముట్లన్నీ సీడీలోనే ఉన్నాయి. మిగిలిన పని ముగించింది గానీ ఇంటర్నెట్ డాంగుల్‌ను మిషన్ గుర్తుపట్టలేదు. తుల్సీబాయికి ఫోన్ చేసింది.

"ఏందే, లోకమంత సమ్మెల ఉంటె నీకు పనా?"

"తర్వాత తిట్టు. డాంగుల్ నడుస్తలేదు."

"ఏ డాంగుల్? ఆగు." అవతల కాగితాల చప్పుడు. "అది మొండిదే. ఎవడో బ్రెజిల్‌ల గిదే డాంగుల్‌తోని కొట్లాడి, ఏమేం కొట్టాల్నో రాసిపెట్టిండు. నేను చదువుత, నువ్వు కొట్టు."

మొదటిసారి ఒక అక్షరం తప్పు పడింది. రెండోసారి డాంగుల్ దీపం వెలిగింది. ఫైలు మెల్లగా పోతుండగానే కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె మళ్ళీ కూత మొదలుపెట్టింది. ఈసారి వనమాల కూడా చట్నీ గిన్నె కింద పెట్టి తెర వైపే చూస్తూ నిలబడింది. "పోయింది" అని తెర మీద పడ్డాక కూత ఆగిపోయింది.

"పోయిందా?" అంది వనమాల.

"పోయింది అత్తమ్మా."

"కరెంటా, నీ పనా?"

"రెండూ."

మధ్యాహ్నానికి జనగామలో హైదరాబాదు రోడ్డు మీద పొయ్యిలు వెలిగి ఉన్నాయి. అటు లారీలు, ఇటు లారీలు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు కూడా బంతిలో కూచున్నారు. వారం రోజులుగా శిబిరంలోనే ఉన్న రచన భర్త శివప్రసాద్ గొంతు బొంగురుపోయి, చేతులతో సైగ చేస్తూ విస్తర్లు వేస్తున్నాడు. జగపతికి కుడి పక్క వనమాల, ఆమె పక్కన రచన. పులిహోరలో చట్నీ నంజుకోని వాళ్ళు లేరని వనమాల కోడలికి కళ్ళతోనే చూపించింది.

"మన బొగ్గు మనకే అక్కరకు రాకపోతె ఎట్లనే?" అంటున్నాడు జగపతి ఎదుటి వర్తకుడితో. "మనది మన చేతిల ఉండాలె." ఆ ఊపులోనే కొడుకు వైపు తిరిగాడు. "ఇగో, సమ్మె అయిపోంగనే హన్మకొండాయనను పిలువాలె. మిషన్ ఎప్పటిలెక్క చేసిపోతడు. కోడలు గూడ ఇగ ఇంటిపట్టున..."

రచన చేతిలో ముద్దను విస్తరిలో పెట్టేసింది. ఉదయం నుంచి కాళ్ళలో తిరుగుతున్న తొందర ఇప్పుడు గొంతులోకి వచ్చింది.

"ఆయనను పిలువకుండ్రి మామయ్యా."

బంతిలో ఇటూ అటూ తలలు తిరిగాయి. శివప్రసాద్ చేతిలో విస్తరి పట్టుకొని నిలబడిపోయాడు.

"ఇయ్యాల కరెంటు రాంగనే ఆ సీడీల ఉన్నదాన్నే మిషన్‌ల ఎక్కిస్త. ఆయన తాళం మనకొద్దు. బిల్లుల ప్రోగ్రాం నేనే రాస్త. పెద్ద కష్టమే, నెల రోజులు పట్టొచ్చు. అందాక చేతితోని బిల్లు రాసుకుందం. నౌకరి మాత్రం ఇడువ."

జగపతి ముద్ద మింగి అడిగాడు. "ప్రింటరు నడుస్తదా దాంట్ల?"

"తెల్వదు. ఇంకా చూడలేదు."

ఆ మాటతో ఆయన ముఖంలో బిగువు కొంచెం సడలింది. సరుకు బాగుందని ముందే పొగిడే మనిషిని ఆయన ఎన్నడూ నమ్మలేదు.

"మీరు పక్కన కూసోవాలె," అంది రచన. "ఒక్కొక్క వరుస మీకు చూపిచ్చుకుంటనే రాస్త."

"కూసుంటడు," అంది వనమాల ఆయన విస్తరిలో చట్నీ వేస్తూ. "వంటింట్ల ప్లగ్గు పెట్టిచ్చినంక."