కడ్డీ దగ్గర విల్ఫ్ జాగా

మా క్రాగ్లీ మైదానంలో సీట్లున్న వైపుకి ఎవరూ ఇష్టంగా వెళ్ళరు. కూర్చుని చూసేది సినిమా. ఆటైతే రేకుల కప్పు కింద, సిమెంటు మెట్ల మీద నిలబడి చూడాలి, ఎవరి జాగాలో వాళ్ళు. జాగా మీద పేరేమీ రాసి ఉండదు. మా నాన్న నిలబడ్డ చోట నేను నిలబడతాను, అంతే. ఎవరైనా రావడం మానేస్తే ఆ జాగా అలాగే ఉంటుంది. పక్కవాళ్ళు జరగరు. ఇలా చెయ్యాలని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు.

నా ముందు మెట్టు మీద, ఓ చివర, ఇనుప కడ్డీకి మోచేతులాన్చి నార్మన్ బూత్రాయిడ్ నిలబడతాడు. బొగ్గు లారీ తోలి తోలి మెడ ఒక పక్కకి వాలిపోయిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. అతని కుడిపక్క విల్ఫ్. ఇద్దరూ కుర్రాళ్ళప్పటి నుంచీ అక్కడే. నార్మన్ ఫ్లాస్కులో టీ తెస్తాడు. సగం ఆటకి రెండు మూతల్లో పోస్తాడు. విల్ఫ్ జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీస్తాడు. మాటలంటే పెద్దగా ఏమీ ఉండవు. మన పదముగ్గురి రగ్బీ ఆటలో బంతిని వెనక్కే అందించాలి కదా, అవతలి జట్టువాడు పాస్ ఇచ్చినప్పుడల్లా నార్మన్ పెదవి చివరి నుంచి, "ముందుకి విసిరాడు కదూ?" అంటాడు. విల్ఫ్ మైదానం మీంచి చూపు తిప్పకుండా, "కాదు" అంటాడు. జీవితమంతా ఇదే మాట. ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకున్నారో లేదో నాకు అనుమానమే.

ఆటల్లేని చలికాలం గడిచింది. కొత్త సీజను మొదలైంది. విల్ఫ్ రాలేదు.

మొదటి ఆటకి జలుబేమో అనుకున్నాం. తర్వాతి ఆటకీ రాలేదు. నార్మన్ రెండు మూతల్లో టీ పోసి, ఒకటి తాగి, రెండోది చల్లారాక మెట్టు పక్కన పారబోశాడు. గేటు దగ్గర అడిగాడు. విల్ఫ్ ఎప్పుడూ చిల్లర చేతిలో పెట్టి లోపలికొచ్చే మనిషి, పేరూ ఊరూ ఎవరికీ ఇచ్చింది లేదు. బస్సు తోలే కెల్విన్‌ని అడిగితే, "కొండ మీద ఆఖరి స్టాపులో ఎక్కేవాడు" అన్నాడు. నార్మన్ ఓ ఆదివారం అదే బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగాడు. రోడ్డుకి రెండు వైపులా ఒకేలాంటి రాతి ఇళ్ళు, ఒకేలాంటి తలుపులు. ఇంటిపేరు తెలీకుండా ఏ తలుపు కొడతాడు? కాసేపు నిలబడి, అదే బస్సులో తిరిగొచ్చేశాడట. కెల్వినే చెప్పాడు మాకు. విని ఎవరం నవ్వలేదు.

ఇలా ఉండగా వచ్చింది టీవీ గొడవ.

క్లబ్బు అధ్యక్షురాలు గ్లెనిస్‌ది చేపల, చిప్సుల కొట్టు. మనిషి దగ్గరికొస్తే నూనె వాసన, నోరు విప్పితే కారం. అందర్నీ హాల్లోకి పిలిచింది.

"శనివారం ఆట టీవీలో వస్తుంది. లీగు పెద్దలు కూడా చూస్తారు. పై తరగతిలో ఎవరుండాలో, ఎవరిని దింపి కొత్త ఊరికి చోటివ్వాలో ఈ వేసవిలోనే తేలుస్తారు. జనం ఎంతమంది వస్తున్నారనేదే వాళ్ళకి ముఖ్యం."

"ఏ ఊరంట?" అన్నాడు కెల్విన్.

"ప్లిమత్."

హాలంతా గొల్లున నవ్వింది.

"ప్లిమతా! దక్షిణాన ఆ సముద్రం చివర ఓడలుంటాయి, కొంగలుంటాయి. మన ఆట తెలిసినవాడు ఒక్కడైనా ఉంటాడా?"

"ఉంటే వాడు దారి తప్పి ఉంటాడు!"

"నవ్వండి, నవ్వండి," అంది గ్లెనిస్. "ఈ లోయలోనే మనకి మనం ఆడుకుంటూ కూచుంటే ఆట మనతోపాటే పోతుంది. కొత్త ఊళ్ళకి పోవాల్సిందే. కాకపోతే మన నెత్తి మీద కాలేసి పోకూడదు."

"ఎన్ని ఊళ్ళకి తీసుకెళ్ళలేదు తల్లీ?" కెల్విన్ లేచి నిలబడ్డాడు. "రెండేళ్ళు డప్పులు, మూడో ఏడు గేటుకి తాళం. వచ్చేవాళ్ళలో సగం ఊరికే పంచిన టికెట్ల మీద వచ్చినవాళ్ళే."

"మరి మనవాళ్ళలో సగం శ్మశానంలో ఉన్నారు కెల్విన్! వాళ్ళకి జాగా వదిలి మనం నిలబడతాం. టీవీలో చూడు, పళ్ళూడిన నోరులా ఉంటాం. గోరీల్లో ఉన్నవాళ్ళని లీగు లెక్కలోకి తీసుకోదు. శనివారం అందరూ మధ్యకి రండి, కెమెరాకి ఎదురుగా. భుజానికి భుజం తగిలేలా నిలబడాలి."

జాగా వదలమనడం మా ఊళ్ళో చిన్న మాట కాదు. అయినా క్లబ్బు కోసం కదా అని ఒక్కొక్కరే తలూపారు. చివరి బల్ల దగ్గర నార్మన్ ఊపలేదు.

"నేను కదలను. విల్ఫ్ వస్తే ఎక్కడ వెతుక్కుంటాడు?"

"పోయుంటాడు పెద్దాయనా," అన్నాడు కెల్విన్ మెల్లగా.

"పోయాడని నీకెవడు చెప్పాడు?"

"వస్తాడని నీకెవడు చెప్పాడు?"

నార్మన్ టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర గ్లెనిస్ అడ్డంగా నిలబడింది. చేపలు అమ్మే మనిషి, బేరం ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

"నార్మన్, నా మాట విను. విల్ఫ్ బతికే ఉండి, రాలేకపోతున్నాడనుకో. శనివారం ఎక్కడుంటాడు?"

నార్మన్ టోపీ పెట్టుకోబోయి ఆగాడు.

"టీవీ ముందుంటాడు. నువ్వా మూల నిలబడితే కెమెరాకి కనపడవు. మధ్యకి వస్తే కనపడతావు."

శనివారం నార్మన్ మధ్యకి వచ్చాడు. కొత్త చోట, కొత్త కడ్డీ, చుట్టూ అంతా మేమే కిక్కిరిసి. అతని కుడిపక్క మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ. మోచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. కెల్విన్ బఠాణీ ముద్ద గిన్నె పట్టుకుని దూరబోయాడు.

"జరుగు పెద్దాయనా, చలిగా ఉంది."

"ఇక్కడ మనిషున్నాడు."

"ఎక్కడ? నాకు సిమెంటే కనిపిస్తోంది."

"అయితే కళ్ళు చూపించుకో. బస్సు తోలేవాడివి."

కెల్విన్ తిట్టుకుంటూ వెనక్కి వచ్చి నా పాదం తొక్కి నిలబడ్డాడు. సగం ఆటకి నార్మన్ ఫ్లాస్కు విప్పాడు. రెండు మూతలు. ఒకటి తను పట్టుకున్నాడు. రెండోదాన్ని పైకెత్తి, ఎదురుగా గట్టు మీదున్న కెమెరా వైపు చాపాడు. అలాగే చాలాసేపు పట్టుకున్నాడు. పక్కన కుర్రకారు ఈలలేశారు. అతనికి పట్టలేదు.

ఆట గెలిచాం. ఆ సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేదు.

జనం మళ్ళీ ఎవరి జాగాకి వాళ్ళు వెళ్ళిపోయారు. నార్మన్ మూలకి వెళ్ళిపోయాడు. ఆ పై నెలలో ఓ ఆట మొదలవబోయే ముందు, ఎండకి ఒళ్ళు రంగు తేలిన ఒకామె మెట్లు దిగొచ్చింది. మా వానల ఊరికి పనికిరాని పల్చటి కోటు.

"ఇక్కడ టీ తెచ్చే ఆయన ఎవరండీ?"

వేళ్ళన్నీ నార్మన్ వైపు తిరిగాయి.

"నా పేరు జానిస్. విల్ఫ్ కూతుర్ని."

నార్మన్ కడ్డీ పట్టుకున్నాడు. "పోయాడా?"

"లేదండీ, లేదు. చలికాలంలో మెట్ల మీద పడ్డాడు. తుంటి విరిగింది. ఒక్కడే ఉండలేడని నాతో తీసుకెళ్ళిపోయా. మీకు చెప్పమని ఒకటే పోరు. ఎవరికి చెప్పాలి నాన్నా, ఇంటిపేరేంటి అంటే, ఇంటిపేరుతో పనేముంది, నార్మన్, కడ్డీ దగ్గరుంటాడు అన్నాడు. టీవీలో మీరు మూత చాపగానే కుర్చీ చెయ్యి మీద బాదాడు. చూడు, నా టీ, అని. అప్పుడు నమ్మాన్నేను, మీరు నిజంగా ఉన్నారని."

"ఎక్కడుంటున్నారమ్మా?"

"ప్లిమత్."

నా వెనకాల కెల్విన్ ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు.

జానిస్ ఫోన్ కలిపి నార్మన్ చేతికిచ్చింది. అందరం వేరే వైపు చూస్తున్నట్టు నటించాం.

"ఏమోయ్," అన్నాడు నార్మన్.

"ఏమోయ్," అంది ఫోన్, గట్టిగానే.

"తుంటి ఎలా ఉంది?"

"ఉంది."

"వానా అక్కడ?"

"ఎండ."

ఇంక మాట లేదు. ఇద్దరూ ఊపిరి పీలుస్తున్నారు, ఆ చప్పుడు మాకు వినిపిస్తోంది. కళ్ళ ముందు ఆట జరుగుతుంటే తప్ప వాళ్ళకి మాట్లాడటం రాదు. పక్కపక్కన నిలబడి బతికినవాళ్ళు, ఎదురెదురుగా ఏం మాట్లాడాలో ఎక్కడ నేర్చుకున్నారు గనక! నార్మన్ ఫోన్ తిరిగిచ్చేశాడు. జానిస్ పిప్పరమెంటు బిళ్ళల పొట్లం ఒకటి అతని చేతిలో పెట్టింది.

"అక్కడ ఏం చూస్తాడమ్మా, శనివారాలు?"

"కిటికీలోంచి చూస్తుంటాడండీ. మా వైపు ఈ ఆట ఎవరికీ తెలీదు. మాట కలిపేవాళ్ళు లేరు."

వేసవి మధ్యలో లీగు పెద్దలు పాత క్లబ్బులన్నిటినీ అడిగారు, కొత్త ఊరికి చోటివ్వాలా వద్దా అని. గ్లెనిస్ హాల్లో చేతులెత్తమంది. ప్లిమత్ వస్తే దిగిపోయేది మనమేనని అప్పటికి పిల్లాడికి కూడా తెలుసు. వద్దన్నవాళ్ళు చేతులెత్తమంటే హాలు నిండా చేతులే. గ్లెనిస్ చెయ్యి కూడా లేచింది.

"కావాలనే పిచ్చోళ్ళెవరైనా ఉన్నారా?" అంది, కాయితాలు సర్దుకుంటూ.

చివరి బల్ల దగ్గర ఒక చెయ్యి లేచింది.

అందరూ ఒకేసారి అరిచారు. ద్రోహి అన్నారు, మతిపోయిందన్నారు. కెల్విన్ అతని బల్ల దగ్గరికే వచ్చాడు.

"పుట్టినప్పట్నుంచీ నిలబడ్డ మెట్లు పెద్దాయనా! అమ్ముకుంటున్నావా?"

"అక్కడ మనవాడొకడున్నాడు."

"ఒక్కడి కోసమా?"

"నాకు తెలిసినవాడు ఒక్కడే," అన్నాడు నార్మన్. చెయ్యి మాత్రం దించలేదు.

ఒక్క చేతితో ఏమీ మారలేదని మాకూ తెలుసు. డబ్బున్న ఊళ్ళు సరేనన్నాయి, ప్లిమత్ పైకెక్కింది, మేం కిందికి దిగాం. అయినా ఆ కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. కొన్నాళ్ళు నార్మన్‌ని ఎవరూ పలకరించలేదు. ముందు మాత్రం ఎవరు పలకరించారని.

ఇప్పుడు మా ఆటలు టీవీలో రావు. జనం ఇంకా పల్చబడ్డారు. జానిస్ అప్పుడప్పుడు గ్లెనిస్ కొట్టుకి ఫోన్ చేస్తుంది. విల్ఫ్ కర్ర పట్టుకుని కొత్త మైదానానికి వెళ్తున్నాడట. కడ్డీ దగ్గర నిలబడి, ఎడమపక్కన తన సంచీ పెడతాడట. సంచీ తియ్యమని కాపలావాళ్ళు అడిగితే, ఇక్కడ మనిషున్నాడు అంటాడట.

గ్లెనిస్ ఈ మాట నార్మన్‌కి చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు.

మొన్న శనివారం వాన. మెట్ల మీద అక్కడొకరు, ఇక్కడొకరు. నార్మన్ తన మూలన, కడ్డీకి మోచేతులాన్చి, బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకుని నిలబడ్డాడు. ముందు మెట్టు మీదకి దిగి అతని పక్కన నిలబడదామా అని నాకు అనిపించింది. కాలు ముందుకి వెళ్ళలేదు. అది నా జాగా కాదు.

అవతలి జట్టువాడు బంతి అందుకుని పక్కవాడికి అందించాడు.

"ముందుకి విసిరాడు కదూ?" అన్నాడు నార్మన్, మైదానం మీంచి చూపు తిప్పకుండా.

వెనక మేమందరం విన్నాం. ఎవరం జవాబు చెప్పలేదు. అడిగింది మమ్మల్ని కాదు. విల్ఫ్ "కాదు" అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, నార్మన్ తలూపాడు.