నిమ్మళమైన నలభై నిమిషాలు

పెట్టెను గుంటలో దించి మూత బిగిస్తుంటే ఆరోగ్యమ్మ నవ్వింది.

"నేల కదిలేది కొలవటానికా అమ్మాయ్ ఇంతదూరం వచ్చావు? నేలెక్కడన్నా కదుల్తదా?"

"కదుల్తదక్కా. లారీ పోయినా కదుల్తది, నువ్వు రోట్లో పచ్చడి నూరినా కదుల్తది," అంది రోహిణి.

"అయితే ఈ వారం పచ్చడి లేదు, పో."

రోహిణిది క్రోసూరు. ఎనిమిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఊరంత గుండ్రటి గొట్టంలో తిరిగే ఎలక్ట్రాన్ల కిరణం ఎక్కడుందో కొలవటం, పక్కకి జరిగితే అయస్కాంతాలతో మళ్లీ దారిలోకి లాగటం. వెంట్రుక మందంలో వందో వంతు జరిగినా చాలు, అది చిమ్మే వెలుగులో చూడాలనుకున్నదంతా మసకబారుతుంది. అయస్కాంతాలు మాత్రం ఎంతని లాగుతాయి? అందుకే అలాంటి యంత్రం కట్టేముందు నిమ్మళమైన నేలను వెతుకుతారు. గురజాల పక్కనున్న ఈ మెరకచేను ఆ లిస్టులో ఉంది. కిలోమీటరున్నర అవతల శ్రీనివాసరావు సున్నపురాయి క్వారీ.

క్వారీ నడుస్తుండగా వారం కొలిచింది. రాయి పేల్చే తూటాలు ఆగితే నేల ఎట్లా ఉంటుందో కూడా తెలియాలి. "గురువారం ఒక్కరోజు పేల్చొద్దు" అని శ్రీనివాసరావుకి ఉత్తరం ఇచ్చింది. సరేనన్నాడు. అన్నం వండిపెట్టి పెట్టెకి కాపలా ఉండే ఆరోగ్యమ్మకీ ఆ మాట చెప్పింది. ఆరోగ్యమ్మ మొగుడు కాలేబు ఆ క్వారీలోనే డ్రిల్లు పట్టేవాడు.

గురువారం సాయంత్రానికి కాలేబు శవమై ఇంటికొచ్చాడు.

తాగి గట్టు మీదనించి పడ్డాడని పోలీసు కాగితం. సర్వే వారి కోరిక మేరకు ఆ రోజు పేలుడు లేదని క్వారీ రిజిస్టరు. దానికి రోహిణి ఉత్తరమే గుచ్చిపెట్టారు.

"బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్లు. ఆనాటినించి చుక్క ముట్టలా," అంది ఆరోగ్యమ్మ. ఏడవటం అప్పటికే అయిపోయింది. "మనిషిని ఎట్టాగూ తేలేను. ఆ కాగితంలో 'తాగి' అన్న ముక్క ఒక్కటి తీయించు తల్లీ. అది పెట్టుకుని సమాధి మీద ఏం రాయించను?"

రోహిణి రికార్డు తెరిచింది. మధ్యాహ్నం పన్నెండూ పదిహేడుకి గీత ఒక్కసారి ఎగిరింది. నాలుగు సెకన్లకి ఇంకోసారి. ముందు నేలలోంచి వచ్చిన దెబ్బ, వెనక గాల్లోంచి వచ్చిన మోత. చేలో తిరిగే ట్రాక్టరుదైతే ఇట్లా రెండు దెబ్బలుండవు. ఆ మోత ఆ రోజు తానూ విన్నది, పది కిలోమీటర్ల అవతలి ఊరి క్వారీ అనుకుంది. అంత దూరానిదైతే రెండో దెబ్బకి అరనిమిషం పట్టేది. నాలుగు సెకన్లంటే కిలోమీటరున్నర.

పైఆఫీసరు సుధాకర్ ఫోన్ చేశాడు. "ఆ స్పైక్ కోసెయ్ రోహిణీ. ట్రాక్టరని రాయి. దాని తర్వాత నలభై నిమిషాలుంది చూడు, బంగారం! అంత నిమ్మళమైన నేల నేనెక్కడా చూళ్లేదు. ఆ ముక్కే రిపోర్టులో పెట్టు. సైట్ మనదే."

ఆమె ఆ నలభై నిమిషాలూ చూసింది. డ్రిల్లు లేదు, క్రషర్ లేదు, లారీ లేదు. పన్నెండూ యాభై ఎనిమిదికి సన్నగా ఒక వణుకు. క్వారీ నించి రోడ్డెక్కిన జీపు. పడ్డ నిమిషానికే ఆసుపత్రికి బయల్దేరామని శ్రీనివాసరావు రాసిచ్చాడు.

పొడుగాటి కాగితం మీద గీతంతా ప్రింటు తీసుకుని ఆరోగ్యమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఇది తూటా అక్కా."

"సైరను లేకుండానా?"

"మోత ఎవరిదైనా కావొచ్చు. సైరను ఏ క్వారీదో ఊరంతటికీ తెలుసుగా, అందుకే మోగించలా."

ఆరోగ్యమ్మ వేలు గీత వెంబడి జరిగింది. "మరి ఇదేంది, ఆ తర్వాత ఇంత సాపుగా ఉంది?"

చెప్పకపోయినా 'తాగి' అన్న ముక్క తీయించటానికి వచ్చే నష్టం లేదు. అయినా చెప్పింది. "నలభై నిమిషాలు ఏ బండీ కదల్లా."

"అప్పటికి బతికున్నాడా?"

"అది ఈ పెట్టెకి తెలవదక్కా. పేల్చొద్దని ఉత్తరం ఇచ్చింది నేను," అంది.

"ఆ మాట ఆయనకి చెప్పింది నేను. 'ఇయ్యాల పేల్చరంట, గట్టు కింద నీడన కూచుని అన్నం తిను' అన్నా." ఆరోగ్యమ్మ కొంగు దోపుకుని లేచింది. "నడువు స్టేషనుకి."

దారిలో సుధాకర్ మళ్లీ చేశాడు. "కొయ్యను సార్. రికార్డు మొత్తం పైకి పంపించేశాను," అంది రోహిణి. అవతల ఎనిమిదేళ్ల ఉద్యోగం సంగతి ఏదో అనబోతుంటే పెట్టేసింది.

స్టేషన్ రైటర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏందిది, ఈసీజీనా? ఎవరిది?"

"నేలది," అంది రోహిణి.

"పేల్చొద్దని మీరే రాశారు గదా మేడమ్?"

"రాశాను. పేల్చరని నమ్మే ఆయన అక్కడ కూచున్నాడు. అదీ రాసుకోండి."

రాసుకున్నాడు. "'తాగి' అన్నది కొట్టెయ్యటం నా చేతిలో లేదమ్మా. పైకి పోయింది. ఇది జతచేసి పంపుతా, అంతే." కాగితం ఫైలుకన్నా పొడుగుంది. మధ్యకి మడవబోయాడు.

ఆరోగ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సాపుగా ఉన్న గీత మీద.

"మడత ఆడ పెట్టమాకయ్యా."