రెండు వార్డుల సిస్టరు

శనివారం పొద్దున్నే చర్చి బాత్రూము కడుగుతుండగా ఆవిడకి సలహా వచ్చింది. ఆవిడకి సలహాలెప్పుడూ చేతులు ఖాళీ లేనప్పుడే వస్తాయి. చేతులు ఖాళీ అయితే పనులొస్తాయి.

మోర్మన్లని క్రైస్తవుల్లో ఒక శాఖ, వాళ్ళ చర్చిలో జీతాలుండవు. కడిగేవాళ్ళూ ఊరికే కడుగుతారు, బోధించేవాళ్ళూ ఊరికే బోధిస్తారు. బిషప్పు కూడా వారమంతా తన కొట్టు చూసుకుని ఆదివారం పెద్దరికం చేసే మనిషే. కొన్నేళ్ళకి ఆయన్ని దింపి ఇంకొకర్ని ఎక్కిస్తారు. అప్పుడెప్పుడో పళ్ళ డాక్టరుగారు, ఇప్పుడు కళ్ళజోళ్ళ అబ్బాయి. పళ్ళు పోయి కళ్ళొచ్చాయి గానీ ఆవిడ్ని చూసే చూపు మారలేదు. వాళ్ళ భాషలో సంఘాన్ని వార్డంటారు. ఆవిడ నర్సు కాబట్టి ఆవిడకి రెండు వార్డులు, రెండిట్లోనూ ఆవిడ సిస్టరే. ఆ వార్డులో జీతం ఇస్తారు, ఈ వార్డులో హితం చెప్తారు. జీతం నెలకోసారి. హితం ఎదురుపడ్డప్పుడల్లా.

"సిస్టర్, ఒక్క మాట," అన్నాడు కళ్ళజోళ్ళ బిషప్పు, తడినేల మీద బూటు పడకుండా గుమ్మం అవతలే నిలబడి.

"చెప్పండి బిషప్పుగారూ."

"మీ సారు రిటైరవుతున్నారు కదా. మీరిద్దరూ మిషన్‌కి వెళ్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది. నిన్ననే ఆయన్ని పిలిచి మాట్లాడాను. సంతోషంగా ఒప్పుకున్నారు."

మిషనంటే ఇంటికి తాళం వేసుకుని, సొంత ఖర్చుతో, ఎక్కడో వేరే ఊళ్ళో ఏడాదిన్నర పాటు చర్చి సేవ చెయ్యడం. ముందు మొగుణ్ణి పిలిచి అడగడం, తర్వాత పెళ్ళానికి చెప్పడం అక్కడి మర్యాద.

"నాకు ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి ఇచ్చారండీ. సోమవారం చేరాలి."

"విన్నాను. మీ మంచికోరి చెప్తున్నా, ఈ వయసులో ఆ నిలబడే ఉద్యోగం ఎందుకు మీకు? ప్రభువుకి మీ అవసరం ఉంది."

ఆవిడ చీపురుతో మూల రుద్దింది. చిన్నప్పుడు పిల్లల తరగతిలో ఈ బిషప్పుగారు నిక్కరు తడుపుకుంటే మార్చింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ మనసు మార్చడానికి ఆయనొచ్చాడు.

"ప్రార్థన చేసుకోండి," అని ఆయన కుర్చీలు సర్దడానికి హాల్లోకి వెళ్ళిపోయాడు.

అప్పుడూ ఇదే ఉద్యోగం, ఇదే ఆసుపత్రి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు పెద్ద సర్జను ఏరికోరి ఆవిడ్ని ఇన్‌చార్జి శిక్షణకి పంపుతానన్నాడు. అప్పటి బిషప్పు, పళ్ళ డాక్టరుగారు, ముందు భర్తని పిలిచి, తర్వాత ఆవిడ్ని పిలిచి చాలా మృదువుగా చెప్పారు. "థియేటర్‌కి ఇంకో నర్సు దొరుకుతుంది సిస్టర్. మీ పిల్లలకి ఇంకో అమ్మ దొరకదు." మత్తిచ్చి పన్ను పీకినట్టే ఉంది, నొప్పి ఇంటికెళ్ళాక మొదలైంది. "అది ఆయన మాట కాదే, పైవాడి మాట," అన్నాడు భర్త. ఆవిడ మానేసింది. మానేశాక తెలిసింది, ఇంట్లో ఉండే మనిషికి ఇల్లు తప్ప అన్నీ అప్పగిస్తారని. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అని అత్తగారు మందులు, మోకాళ్ళు అప్పగించింది. "ఎలాగూ ఖాళీయేగా," అని ఆడపడుచు తన పిల్లల్ని దింపి వెళ్ళింది. సంఘంలో ఎవరు పురుడు పోసుకున్నా, ఎవరు పోయినా వంట ఆవిడదే. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు పోయాక ఆసుపత్రికి తిరిగి వెళ్తే, ఒకప్పుడు ఆవిడ చెయ్యిపట్టుకుని పని నేర్పిన పిల్ల ఆవిడకి డ్యూటీలు వేసింది. ఆ పిల్ల తప్పేం లేదు. సలహాకి సెలవుల్లేవు, మానేసిన ఉద్యోగానికి సర్వీసు లేదు.

బకెట్టు తీసుకుని పసిపిల్లల గదిలోకి వెళ్ళింది. అక్కడ పళ్ళ డాక్టరుగారు చాప మీద కూర్చుని బొమ్మలు తుడుస్తున్నారు. బిషప్పుగా దిగిపోయాక ఆయనకిచ్చిన బాధ్యత ఇది. ప్రతి ఆదివారం పసివాళ్ళకి బిస్కెట్లు పంచుతారు, చీమిడి తుడుస్తారు. మంచాయనే.

"డాక్టరుగారూ, ఒకటి అడగనా? నన్ను ఉద్యోగం మానమని చెప్పింది దేవుడేనా?"

ఆయన చేతిలోని ప్లాస్టిక్ ఏనుగుని కింద పెట్టారు. "మీరు ఉద్యోగం మానేశారా? ఎప్పుడు?"

ఆవిడ బకెట్టు దించింది. ఆ తర్వాత చెప్పింది, ఆ గది, ఆ మాట, అన్నీ.

"అని ఉంటాను," అన్నారాయన. "ఆ రోజుల్లో మా ఆవిడ బట్టలకొట్టు పెడతానని పట్టుబట్టింది. ఇంట్లో నా మాట చెల్లక, చెల్లేచోట చెప్పేవాణ్ణేమో. పెట్టేసిందిలెండి. ఆ కొట్టు డబ్బులతోనే మా పిల్లలు చదువుకున్నారు." ఏనుగుని మళ్ళీ తీసి, తుడిచిన తొండాన్నే తుడిచారు. "అయినా మీరే ప్రార్థన చేసి తెలుసుకోండని చెప్పలేదా సిస్టర్? ఎవరి జీవితం గురించి వాళ్ళకే జవాబొస్తుంది. అదే కదా మన నమ్మకం. అది చెప్పకుండా నేనెవరికీ..."

"చెప్పారు."

నిజంగానే చెప్పారు. ఆవిడ చేసింది కూడా, మంచం పక్కన మోకాళ్ళూని, కళ్ళు వాచేదాకా. కానీ ఆ రాత్రంతా ఆవిడ అడిగింది, ఈ మాట వినే బలం ఇయ్యి తండ్రీ అని. ఏం చెయ్యమంటావని ఒక్కసారీ అడగలేదు. జవాబిచ్చేవాడికి ప్రశ్నే అందలేదు. పళ్ళాయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. మర్చిపోయిన మనిషి మీద ఎంతసేపని కోపం నిలుస్తుంది? ఇన్నేళ్ళూ దైవాజ్ఞ అనుకుని మోసింది ఎవరింట్లోనో ఓడిపోయిన వాదన. అది తనింట్లో గెలిచింది.

బాత్రూములోకి తిరిగొచ్చి తలుపు వేసుకుంది. రబ్బరు తొడుగులు కూడా తియ్యకుండా చేతులు కట్టుకుని అడిగింది, ఏం చెయ్యను అని, అంతే. ఆకాశవాణి ఏమీ పలకలేదు. కుళాయి చుక్కలు పడుతున్నాయి. కాసేపటికి, తలెత్తకుండా చెయ్యి చాపిన సర్జను అరచేతిలో కత్తెర పెట్టినప్పుడయ్యే చిన్న చప్పుడు గుర్తొచ్చింది. ఆయన పరికరం పేరు చెప్పి అడిగేలోపే పెట్టేది. అలా పెట్టాల్సిన ఏళ్ళన్నీ పోయాయి. ఇంకెన్ని మిగిలాయో ఆవిడ మోకాళ్ళకి తెలుసు. ఏడుపొచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, నేల ఆరేదాకా ఆగింది.

హాల్లో బిషప్పుతో ఆవిడ భర్త నవ్వుతూ మాట్లాడుతున్నాడు, ఆవిడ్ని తీసుకెళ్ళడానికొచ్చి. "ఏమోయ్, సూట్‌కేసులు పెద్దవి కొనాలి," అన్నాడు.

"నేను సోమవారం థియేటర్లో చేరుతున్నానండీ," అంది భర్తతో.

ఆయన బిషప్పు వైపు చూశాడు. బిషప్పు గొంతు సవరించుకున్నాడు. "ప్రార్థన చేశారా సిస్టర్?"

"చేశాను."

"మరి నాకు చాలా స్పష్టంగా అనిపించిందే, మీరు..."

"నా గురించి నేనే అడిగాను బాబూ," అంది ఆవిడ. "జవాబు నాకొచ్చింది."