ముప్పై ఒక్క వేలిముద్రలు

రాయికల్ అవతలి గుట్టకింది ఊరికి పొద్దున్నే జేసీబీ వచ్చింది. వచ్చీ రాగానే లసుమవ్వ బావిని పూడ్చడం మొదలుపెట్టింది.

లసుమవ్వ బీడీల చాట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగేళ్ల కింద ఆ బావి గట్టునే ఆమె మొగుడు భూమయ్య తడిచేత్తో మోటరు స్టార్టరు ముట్టుకుని ప్రాణం వదిలాడు. అప్పటినుంచి ఆమె రోజూ అక్కడ కూర్చుని ఆయనకు ఇంటి ముచ్చట్లు చెప్పుకునేది. నీళ్లలోంచి ఆయన దగ్గు వినబడుతుందని ఒకసారి నోరు జారితే ఊరంతా నవ్వింది, ఇక ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మట్టి పడ్డకొద్దీ ఆ దగ్గు గొంతు పిసికినట్టు వినబడుతోంది.

"ఆపు కొడుకా, లోపట మనిషున్నడు," అంది.

డ్రైవరు బెదిరిపోయి దిగి చూశాడు. నీళ్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ ఇంజను లేపాడు.

కంపెనీ సూపర్‌వైజరు కాగితం తీశాడు. "నువ్వు ఒప్పుకున్నదే గదవ్వా. ఇగో, నీ వేలిముద్ర."

లసుమవ్వ బిడ్డ సంధ్యారాణి జగిత్యాలలో లా చదువుతోంది. కాగితం లాక్కుని చదివింది. గుట్టమీద సర్కారు పేదలకు పంచిన భూమిని, ఈ బావితో సహా, సోలారు ప్లాంటుకు ఇరవై అయిదేళ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్లు ముప్పై ఒక్కరు. పేరు పేరుకూ ఒక వేలిముద్ర. తేదీ పోయిన నెలది.

"అమ్మా, నాయిన పేరు గూడ ఉన్నది," అంది మెల్లగా.

కాగితం పుట్టించినవాడు నర్సింగ్ రావు. ఆయన తాత ఊరి దొరగా గడీలో కూర్చుని ఈ ఊరితో వెట్టి చేయించాడు. మనవడు కంపెనీ మనిషై కారులో కూర్చుని ఒప్పందాలు చేయిస్తున్నాడు. పులి గడ్డి తింటుందని నమ్మినవాళ్లెవరైనా ఉంటే ఆ ఊరికి పోయి చూడాలి.

ఆ సాయంత్రం లసుమవ్వకు అక్క వరసైన గౌరవ్వ వాకిట్లో ఆడవాళ్లంతా చేరారు. నోళ్లు మాట్లాడుతుంటే చేతులు తునికాకు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

"దొరతోని పెట్టుకుంటె బతుకుతమా?" అంది వెంకటవ్వ.

"పెట్టుకోకుంటె బతుకుతున్నమా?" అని గౌరవ్వ కసిరింది. "సోలారు వద్దని ఎవలన్నరు? ఎండ ఎవని జాగీరు గాదు. మన భూమిల మనమే పెట్టుకుంటం, మన మోటర్లకు మనమే కరెంటు దీసుకుంటం. చట్టంల ఉన్నదట గద, సంధ్యా?"

"ఉన్నది పెద్దమ్మా. కని భూమి చేతుల ఉంటెనే. వచ్చే వారం జగిత్యాలల కరెంటోళ్ల విచారణ ఉన్నది, ఆడ అడుగుదం."

లసుమవ్వకు కరెంటు పేరే గిట్టదు. మొగుణ్ని మింగింది అదే, బావిని మింగుతున్నదీ అదే. ఆ బావి పోతే ఆయన ఇంకెక్కడ ఉంటాడో ఆమెకు తెలియదు. "నేనొస్త," అంది.

వారం తిరిగాక ప్లాంటు లైనుకూ యూనిట్ ధరకూ అనుమతి ఇచ్చే విద్యుత్ నియంత్రణ మండలి జగిత్యాలలో బహిరంగ విచారణ పెట్టింది. నాలుగు ఆటోల్లో ఊరు కదిలింది. హాల్లో ముందు వరుసలో నర్సింగ్ రావు, వెనకాల ఫైళ్లు మోస్తూ ఆయన జీతగాడు జలపతి. జలపతి ఉండేదీ లసుమవ్వ వాడలోనే.

మాట్లాడాలంటే మిషన్‌మీద వేలు పెట్టి పేరు నమోదు చేసుకోవాలన్నారు. లసుమవ్వ బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. తుడిచి పెట్టింది, మళ్లీ ఎరుపే. గౌరవ్వకూ అంతే, వెంకటవ్వకూ అంతే.

గుమస్తా నవ్వాడు. "ఏందమ్మా, మీ ఊర్ల ఎవ్వలకు ఏళ్లు లేవా?"

"రేషన్ దుకాణంల గూడ పడయి సారూ," అంది గౌరవ్వ. "నలుభై ఏండ్ల సంది బీడీల మూతులు ఒత్తి ఒత్తి గీతలన్ని అరిగినయ్."

సంధ్యారాణి తల్లి అరిగిన వేలిని తిప్పి చూసింది. తర్వాత ఒప్పంద పత్రం నకలు పట్టుకుని నేరుగా అధికారి బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, మిషన్‌కు పడని ఏలు గీ కాగితం మీద గింత సాఫుగ ఎట్ల పడ్డది? ముప్పై ఒక్కల్ల ఇరవై ఆరుగురు బీడీలు చేసేటోళ్లే. మా నాయిన సచ్చిపోయి నాలుగేండ్లు."

అధికారి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "భూమి విషయం మా పరిధిలోకి రాదమ్మా. మేం చూసేది లైను, ధర."

"భూమే దొంగదైతే లైను ఏడికెళ్లి గుంజుతరు సార్?"

ఆడవాళ్లందరూ లేచారు. ఒక్కరు కూడా అరవలేదు. అరిగిన బొటనవేళ్లు పైకెత్తి నిలబడ్డారు. అప్పుడు వెనకాల ఫైళ్లు నేలమీద పడ్డ చప్పుడైంది.

"జలపతీ, కూసో," అన్నాడు నర్సింగ్ రావు.

జలపతి కూర్చోలేదు. "అన్ని ఏలిముద్రలు నాయే సారూ. దొర పీటేసి కూసోవెట్టి ఒత్తిపిచ్చిండు. భూమన్న పేరు కాడ నా చెయ్యి ఆగింది. ఒత్తుమన్నడు, ఒత్తిన. గప్పటిసంది కన్ను మూస్తె భూమన్న నా పక్కపొంటి నిలవడి దగ్గుతుండు."

లసుమవ్వ గిర్రున జలపతివైపు తిరిగింది. ఆ దగ్గు తనకొక్కదానికే వినబడుతుందని ఇన్నాళ్లూ అనుకుంది.

అధికారి విచారణ వాయిదా వేసి వెళ్లిపోయాడు. నర్సింగ్ రావు బయటికొచ్చి కారులో కూర్చుని ఎవరికో ఫోను చేశాడు. పావుగంటలో పోలీసు వ్యాను వచ్చింది. దొంగ వేలిముద్రలు వేసిన నేరం కింద జలపతి రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చారు.

లసుమవ్వ అడ్డంగా వెళ్లి అతని ఎదుట నిలబడింది. చెంప పగలగొడుతుందని అందరూ అనుకున్నారు. నిజానికి ఆమె చెయ్యి కూడా అందుకే లేచింది. కానీ ఆ చెయ్యి పోయి జలపతి చేతిని పట్టుకుంది.

"ఏలు నీది, బలం దొరది," అంది. తర్వాత ఎస్సైవైపు తిరిగింది. "ఒత్తినోన్ని తీస్కవోతుండ్రు. ఒత్తిపిచ్చినోడు కార్ల కూసున్నడు, కనవడ్తలేడా?"

జవాబు కోసం ఆగకుండా వ్యాను ఎక్కి జలపతి పక్కన కూర్చుంది. ఆమె వెనక గౌరవ్వ ఎక్కింది. బతుకుతమా అని భయపడ్డ వెంకటవ్వ మెట్టుమీద కాలు జారినా మళ్లీ ఎక్కింది. సీట్లు నిండాక మిగిలినవాళ్లు చక్రాల ముందు రోడ్డుమీద కూర్చున్నారు.

"దిగుండ్రి అవ్వా. మీమీద కేసు లేదు," అన్నాడు ఎస్సై.

"లేకుంటె పెట్టు," అంది గౌరవ్వ.

గంట గడిచినా ఒక్కరూ దిగలేదు. చివరికి కానిస్టేబులు విసుక్కుంటూ పుస్తకం తెరిచి పేర్లు అడిగాడు. లసుమవ్వ తన పేరు చెప్పింది. అతను పక్కామెవైపు తిరగబోతే ఆపింది.

"భూమయ్య అని గూడ రాయి. సచ్చినంక ఒప్పుకున్నడని వాళ్లు రాసుకున్నరు గద. ఒప్పుకోలేదని నువ్వు రాయి."